షామీర్‌పేటలో రెండు చాటింపులు

మెట్రిక్ పరీక్ష సంగతి తల్లిదండ్రులకు తెలియజెప్పి రమ్మని మా పెద్ద టీచరమ్మ నన్ను షామీర్‌పేటకు పంపింది. నేను వెళ్లి చేసిన మొదటి ఘనకార్యం ఏమిటంటే, ఊళ్లో సగం ఇళ్లు తలుపులు వేసుకునేలా చేయడం.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. యుద్ధం జరుగుతున్న రోజులు. మా నాయన మేడ్చల్‌లో మిషన్ తరఫున ఊళ్లు తిరిగి బైబిలు వాక్యం చెప్పేవాడు. నేను పట్నంలో బంధువుల ఇంట్లో ఉండి మెట్రిక్ గట్టెక్కి, మేడ్చల్ మిషన్ వాళ్ల ఆడపిల్లల బడిలోనే పంతులమ్మగా కుదురుకున్నాను. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి మెట్రిక్ పాసైన ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందుకని నా కళ్లు ఎక్కడుండేవో నేను వేరే చెప్పక్కర్లేదు. నెత్తిమీదే.

ఆ ఏడు మా బడిలో మొదటిసారి పదో తరగతి పడింది. అయిదుగురు పిల్లలు. ఎన్నేళ్లు చదివినా, ఎంత బాగా చదివినా, మెట్రిక్ దాటకపోతే కాలేజీ గుమ్మం తొక్కనివ్వరు. పట్నంలోని పరీక్షల దఫ్తరు నుంచి ఉర్దూలో అచ్చువేసిన ఫారాలు అయిదే వచ్చాయి. ఒక్కటీ ఎక్కువ లేదు. ప్రతి ఫారం మీదా పిల్ల పేరు, ఈడు, తండ్రి పేరు, తండ్రి చేసే పని రాసి, కింద తండ్రి చేత దస్తఖతు పెట్టించాలి. రాయడం రానివాళ్లు నిశాని వేయాలి, అంటే బొటనవేలి ముద్ర. గడువులోపల దఫ్తరులో ఇవ్వకపోతే ఆ ఏడు పరీక్ష లేనట్టే.

నలుగురు పిల్లలు మేడ్చల్, గౌడవెల్లి చర్చి కుటుంబాల వాళ్లు. ఆదివారం ప్రార్థన అయ్యాక తండ్రులను బల్ల దగ్గరికి పిలిచాం, సంతకాలు పెట్టారు, వెళ్లారు. మిగిలింది షామీర్‌పేట పిల్ల. చెరువులో చేపలు పట్టుకునే వాళ్ల కూతురు. హాస్టల్లో ఉండి చదువుకునేది. లెక్కల్లో నాకంటే చురుకు. ఆ మాట ఇప్పుడు ఒప్పుకుంటున్నాను గానీ అప్పుడు ఒప్పుకోలేదు. దసరా సెలవులకు ఇంటికి వెళ్లింది. వాళ్ల అవ్వ అప్పటికే మనవరాలి కోసం వల అల్లే దారం తెప్పించి పెట్టింది. ఈ ఏడు పరీక్షకు కూర్చోకపోతే ఆ పిల్ల ఇక బడికి తిరిగి రాదని మా అందరికీ తెలుసు.

షామీర్‌పేట నుంచి కింది తరగతుల్లో కూడా ఏడెనిమిది మంది పిల్లలున్నారు. పనిలో పనిగా వాళ్ల ఇళ్లలో కూడా ఈ పరీక్ష ఏమిటో, ఎందుకో చెప్పి రమ్మంది పెద్ద టీచరమ్మ. ఇంటింటికీ తిరగడం నాకు నామోషీ. పైగా నాకొక గొప్ప ఉపాయం తోచింది.

షామీర్‌పేట మా నాయన పుట్టిన ఊరు. మా పెద్దనాయన ఆ ఊళ్లోనే ఉన్నాడు. ఊరి డప్పు మా పెద్దనాయనదే. సర్కారు మాట ఏది ఊరికి చెప్పాలన్నా ఆయన డప్పు కొట్టి చాటాల్సిందే. మా తాత కూడా అదే పని చేశాడు. మేం మేడ్చల్ వచ్చాక, ఇస్త్రీ చీరలు కట్టడం నేర్చాక, ఆ సంగతి నేను ఎవరికీ చెప్పుకోలేదు. అడిగితే అబద్ధం చెప్పేదాన్ని కాదు. అడిగేదాకా రానిచ్చేదాన్ని కాదు, అంతే.

మిషన్ వాళ్ల పరదా వేసిన కచ్చడం బండి కట్టించుకుని షామీర్‌పేట వెళ్లి, పెద్దనాయనకు నా ఉపాయం చెప్పాను. ఆయన చుట్ట పక్కన పెట్టి తల అడ్డంగా ఊపాడు.

"వద్దు బిడ్డా. డప్పు సప్పుడింటె జనం ఉరుకుతరు. ఇంటింటికి వోయి కూసోని జెప్పు. మంచిగ ఇంటరు."

"గిది మంచి మాటనే గద పెద్దనాయినా. ఎందుకు ఉరుకుతరు?"

"మంచి మాట నేను ఎన్నడన్న సాటిన్నా?"

నేను వినలేదు. ఏం చాటాలో ఒక్కో మాటా చెప్పి ఆయనను ముందు పంపించాను. నేను మాత్రం ఆయనతో నడవలేదు. బండిలోనే, పరదా ఒక పక్కకు జరిపి కూర్చుని, ఆయన వెనకాల యాభై అడుగుల దూరంలో బండి తోలించాను.

"ఇనుండ్రహో! మేడ్చల్ మిషన్ బడిల సదివే ఆడివిల్లల పేర్లు సర్కారుకు వోతున్నయి! తండ్రులంత తయారుండి నిశానీలు వెయ్యాలె అహో!"

మాటలు నావే. యుద్ధం రోజుల్లో డప్పు మోగిందంటే లేవీ ధాన్యం కొలవమనో, ఫలానా దొర బంగళాకు వెట్టికి రమ్మనో, బండ్లు కట్టమనో అర్థం. పేర్లు రాసుకుపోయారంటే ఏదో ఒకటి పట్టుకుపోతారనే అర్థం. అలాంటి ఊళ్లో ఈడొచ్చిన ఆడపిల్లల పేర్లు సర్కారుకు పోతున్నాయని నేను డప్పు కొట్టించాను. నేను వీధి మలుపు తిరిగేసరికి, జర్మనీవాడి యుద్ధంలో దెబ్బలు తిన్న సిపాయిలకు కట్లు కట్టడానికి మన పిల్లలను పడవలో తీసుకుపోతున్నారని ఊరంతా పాకిపోయింది.

మొదటి ఇంటికి వెళితే గుమ్మానికి వేపాకు కట్టి ఉంది. అమ్మవారు పోసిన ఇంటికి అలా కడతారు, అటువైపు ఎవరూ వెళ్లరు. అయ్యో పాపం అనుకుని రెండో ఇంటికి వెళ్లాను. అక్కడా వేపాకే. మూడో గుమ్మం ముందు ఆ ఇంటి తల్లి నన్ను చూస్తూనే, చేతిలో ఉన్న కొమ్మను గబగబా వాసానికి గుచ్చింది.

"మా పిల్లకు అమ్మవారు వోసింది పంతులమ్మా. రాకు, రాకు!"

ఆ పిల్ల తల్లి వెనక నిలబడి జామకాయ కొరుక్కుంటోంది. ఒక్క పూటలో నాలుగు ఇళ్లకు అమ్మవారు వచ్చింది. మిగిలిన ఇళ్లకు తాళాలు. మా పెద్దనాయన డప్పు సంకన పెట్టుకుని, నేను చెప్పలేదా అన్నట్టు కూడా చూడకుండా, తన దారిన తాను ఇంటికి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, ఆ జనం మీద. ఎంత మూర్ఖులు అనుకున్నాను. తప్పు నాదని తట్టడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది.

దాక్కోనిది ఒక్క చేపలాయనే. చెరువు కట్ట దిగువన ఇల్లు. వాకిట్లో కూర్చుని తెగిన వల కుట్టుకుంటున్నాడు. కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. అవ్వ పొయ్యి దగ్గర నుంచే నన్ను ఎగాదిగా చూసింది. ఆయన మాత్రం పీట వేయించి, మంచినీళ్లు ఇప్పించాడు.

"నిజంగ యుద్ధానికి గాదు గద పంతులమ్మా?"

"కాదు కాకా. పరీక్ష."

నేను కుదురుగా చెప్పడం మొదలుపెట్టాను. రాజ్యంలో ఎక్కడ కూర్చుని రాసినా ఒక్కటే ప్రశ్నల కాగితం, ఒక్కటే రోజు, ఒక్కటే గంటకు విప్పుతారు. నవాబు బిడ్డకు వేరు, మనకు వేరు ఉండదు. రాసిన కాగితం మీద పేరుండదు, నంబరు వేస్తారు. దిద్దేవాడికి అది ఎవరి కూతురు రాసిందో తెలియదు, తెలుసుకునే వీలే లేదు.

ఆయన చేతిలో వల ఆగిపోయింది.

"పేరుండదా?"

"ఉండదు."

"కులముండదా? ఏ ఊరో, ఎవల బిడ్డనో, ఏం దెల్వదా?"

"ఏం దెల్వది. రాసింది జూసి మార్కులేస్తరు. గంతే."

"గిదేదో మస్తున్నది గదనే" అని కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఫారం తీసి, నేనే నింపి తెచ్చిన వివరాలు ఉర్దూలోంచి తెలుగు చేసి చదివాను. పిల్ల పేరు, ఈడు, తండ్రి పేరు. పేషా అనేచోట, "గిది నువ్వు జేసే పని, రాసిన" అని ముందుకు వెళ్లిపోయాను. చివరికి సిరా దిండు మూత తీసి ఆయన ముందు పెట్టాను.

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు.

"నిశాని ఇప్పుడే ఎయ్య."

ఎందుకని అడిగితే చెప్పాడు. కొన్నేళ్ల కింద దొర గడిలో ఒక కాగితం మీద వేలు వేయించారట. చెరువులో చేపల హక్కు నీకే ఉంటుందని కాగితాలు రాసే మున్షీ చక్కగా చదివి వినిపించాడట. ఈయన ముద్ర వేసి ఇంటికి వచ్చాక అందులో ఒక ముక్క కొట్టేసి, పైన ఇంకొకటి రాశారట. మరుసటి వానాకాలానికి చేపలు పట్టే హక్కు ఇంకొకడి పేరు మీద ఉంది. అప్పటినుంచి సొంత తాతల చెరువులో కూలికి వల వేస్తున్నాడు.

"గా మున్షీ గూడ నీ లెక్కనే మంచిగ సదివిండు బిడ్డా. కాయిదం ఈడ వెట్టి పో. ఎల్లుండి రా."

"ఉన్నది ఒక్క ఫారం కాకా! తడిసినా సిరిగినా నీ బిడ్డ పరీక్ష పాయె. నామీద నమ్మకం లేదా?"

"ఉన్నది. అయినా పెట్టి పో."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంత చదువుకున్న దాన్ని, పట్నంలో మెట్రిక్ రాసినదాన్ని, నన్ను మున్షీతో జమకడతాడా అనుకున్నాను. ఆ పిల్ల బండి దాకా వచ్చి, "పెట్టి పోండ్రి టీచరమ్మా, మా నాయిన మాట తప్పడు" అంది. గత్యంతరం లేక పెట్టి వచ్చాను.

చెప్పిన రోజుకు వెళ్లేసరికి ఫారం మడత నలగకుండా, అవ్వ పెట్టెలోంచి బయటికి వచ్చింది. గడువుకు మిగిలింది ఒక్కరోజు. ఆయన పీట మీద నన్ను కూర్చోబెట్టి, తాను నేలమీద కూర్చున్నాడు.

"ముగ్గురితోని సదివిచ్చిన. మసీదు కాడ మౌల్వీ సాబు. టపా తెచ్చే ఆయన. కల్లు దుకాణం కాడ ఆబ్కారీ జవాను. ఒగలకు సదివిచ్చినట్టు ఇంకొగలకు జెప్పలే. ఏమున్నదో నేను ముందుగాల జెప్పలే. కాయిదం ఒక్కటే, ముగ్గురు యేరుయేరుగ సదివిన్రు. నువ్వు జెప్పిన పరీక్ష లెక్కనే."

అన్ని ఇళ్లలో పరీక్ష అంటే ఏమిటో చెప్పాలని బయలుదేరిన నాకు, అది ఏమిటో అర్థమైన మనిషి ఇతనొక్కడే. అర్థం చేసుకుని, దాన్ని నా మీదే పెట్టాడు.

"ముగ్గురు ఒక్క తీరుగనే సదివిన్రు. నువ్వు ఒక్క కాడ ఇడిసివెట్టినవ్ పంతులమ్మా. నా పని ఏమని రాసినవ్?"

పేషా అనేచోట నేను 'జరాఅత్' అని రాశాను. అంటే వ్యవసాయం.

"నాకు గుంట భూమి లేదు. నేనెప్పుడు నాగలి వట్టిన?"

"దఫ్తర్ల అఫ్సర్లు జూస్తరు కాకా… జర మంచిగ కనవడ్తదని…"

"పేరే సూడరంటివి. కులమే సూడరంటివి. మరి నా పని ఎవడు జూస్తడు? సూడకపోతె ఎందుకు దాస్తివి? సూస్తరంటె నాకెందుకు అబద్ధం జెప్తివి?"

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ అరిచి తప్పించుకునేదాన్ని. మెల్లగానే ఇంకో మాట అన్నాడు.

"మొన్న మీ పెద్దనాయిన డప్పు గొట్టుకుంట ఎండల నడుస్తాంటే, నువ్వు పరదేసిన బండ్ల గూసున్నవ్. నేను కట్ట మీదికెల్లి సూసిన బిడ్డా. నీకు మీ పెద్దనాయిన పని నామోషీ. అందుకే నా పని గూడ నామోషీ అనుకున్నవ్. నాకు గాదు."

తల కొట్టేసినట్టయింది. నేను మెట్రిక్ రాసినప్పుడు నా ఫారంలో నా తండ్రి పని ఏమని రాసుకున్నానో నాకు గుర్తొచ్చింది. ఉపాధ్యాయుడు అని. మా నాయన ఏనాడూ బళ్లో పాఠం చెప్పలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వాకిలి తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి. కానీ ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు నిజం, అందుకే రాస్తున్నాను.

"ఇప్పుడు దీన్ని కొట్టేసి రాస్తే దఫ్తర్ల తీసుకోరు" అన్నాను. "కొట్టివేతలు పనికిరావు. ఇంకో ఫారం లేదు. ఇట్లనే ఉండనిస్తే నీ బిడ్డ పరీక్ష రాస్తది. దిద్దితే రాస్తదో రాయదో నేను జెప్పలేను."

ఆయన కూతురి వైపు చూశాడు. నేనూ చూశాను. పోయేది ఆ పిల్ల ఏడాది. పోయేది బహుశా ఆ పిల్ల చదువంతా. పొయ్యి పక్కన అవ్వ తెప్పించిన దారం ఉండలు ఉన్నాయి.

"కొట్టెయ్యుండ్రి టీచరమ్మా" అంది. "మా నాయిన చేపలు వడ్తె నేను సదువుకున్న. గా మాట రాయడానికి భయమైతె నేను పరీక్ష ఎట్ల రాస్త?"

కలం తీసి 'జరాఅత్' మీద గీత కొట్టాను. పైన 'మాహీగీర్' అని రాశాను. చేపలు పట్టేవాడని అర్థం. ఈసారి ఫారం ముందువైపు మొదటి గీత నుంచి చివరి గీత దాకా, అచ్చువేసిన మాటలతో సహా, ఒక్కటీ వదలకుండా చదివాను. ఆయన విని, సిరాలో వేలు ముంచి, కింద తండ్రి ముద్ర వేయాల్సిన చోట వేశాడు. తర్వాత మళ్లీ ముంచి, నేను వద్దు వద్దు అంటుండగానే, కొట్టేసిన మాట మీద కూడా గట్టిగా నొక్కాడు.

"అయ్యో! గదెందుకు కాకా?"

"గడిల నేను నిశానేసినంక కొట్టి రాసిన్రు. అప్పటిసంది ఏ కాయిదంల కొట్టుడున్నా దాని మీద నా నిశాని వడాలె. నేను జూసినంకనే కొట్టిన్రని తెల్వాలె."

ఫారం ఇక పాడైపోయినట్టేనని నేను అనుకున్నాను. మర్నాడు పొద్దున మేడ్చల్ స్టేషన్‌లో బండెక్కి, అయిదు ఫారాలు ఒళ్లో పెట్టుకుని పట్నం వెళ్లాను. దారి పొడవునా నాకు కనిపించింది ఆ నల్లటి వేలి ముద్ర ఒక్కటే.

పరీక్షల దఫ్తరులో గుమాస్తా నాలుగు ఫారాలు ఇట్టే తీసుకున్నాడు. అయిదోది చూసి, రెండు వేళ్లతో ఎత్తి నా వైపు తోశాడు.

"యే కాట్‌ఛాట్ నహీ చలేగా" అన్నాడు. కొట్టివేతలు చెల్లవని. వలీ ఒప్పుకున్నట్టు లేకుండా కొట్టివేత ఉంటే దర్ఖాస్తు రద్దు, నియమం చదువుకో అని ఫారం వెనక్కి తిప్పి వేలు పెట్టి చూపించాడు. వలీ అంటే పిల్ల బాధ్యత ఉన్న పెద్ద, తండ్రి.

నేను చదివాను. రెండుసార్లు చదివాను.

"సాబ్, ఒప్పుకున్నట్టు లేకపోతే గదా రద్దు? జర ఫారం తిప్పుండ్రి. కొట్టిన మాట మీద ఏమున్నది?"

ఆయన తిప్పాడు. కళ్లజోడు సవరించుకుని చూశాడు. కింద ముద్ర, కొట్టివేత మీద ముద్ర. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ఒకే వేలు. నియమం అడిగిందేమిటో అది అక్కడ ఉంది. బళ్లో ఎవరికీ తెలియని నియమం, ఏనాడూ బడి మొహం చూడని మనిషికి తెలిసింది. ఎలా తెలిసిందో తలుచుకుంటే మాత్రం నాకు సంతోషం కలగలేదు. చెరువు పోగొట్టుకుని నేర్చుకున్నాడు.

గుమాస్తాకు ఓడిపోవడం ఇష్టం లేకపోయింది. దిద్దిన మాట చదివి నవ్వాడు.

"మాహీగీర్ కీ లడ్కీ? మెట్రిక్?"

పక్క బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. సరిగ్గా ఇందుకే భయపడి నేను ఆ మాట దాచాను. కానీ విన్నాక నాకు వచ్చింది సిగ్గు కాదు. నేను ఫారం మళ్లీ వెనక్కి తిప్పి ఆయన ముందు పెట్టాను.

"చేపలు వట్టెటోని బిడ్డ రాయొద్దని ఇండ్ల ఏ నియమంల ఉన్నదో సూపియ్యుండ్రి సాబ్. నాకు సదువొస్తది, సదువుకుంట. లేకపోతే ముద్ర కొట్టుండ్రి."

చుట్టూ నవ్వులు ఆగిపోయాయి. ఆయన ఇంకాసేపు ఫారం అటూ ఇటూ తిప్పి, ముద్ర కొట్టాడు. ఎంత గట్టిగా కొట్టాడంటే సిరా బుడ్డి ఎగిరింది. కొడితే కొట్టనీ, నాకేం.

ఎండాకాలం మొదట్లో అయిదుగురు పిల్లలనూ సికింద్రాబాదు తీసుకెళ్లి పరీక్ష రాయించుకొచ్చాను. తర్వాత కొన్ని వారాలకు ఫలితాలు పత్రికలో వచ్చాయి. పేర్లు లేవు, ఊళ్లు లేవు. పేజీ నిండా చీమల్లా నంబర్లు. మా అయిదింటిలో మూడు ఉన్నాయి. మొదటి తరగతి వరుసలో ఒక్కటే ఉంది. అది షామీర్‌పేట పిల్ల నంబరు. నేను పాసైనప్పుడు నా నంబరు మూడో తరగతి వరుసలో ఉంది. ఈ సంగతి కూడా ఇంతవరకు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పత్రిక పట్టుకుని షామీర్‌పేట వెళ్లాను. చేపలాయన ఆ నంబరు మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. కూతురు ఏడ్చింది, అవ్వ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆయన ఏడవలేదు.

"ఇండ్ల ఇది నా బిడ్డదని ఎక్కడున్నది?"

"ఉండది కాకా. నంబరే ఉంటది. ముందే జెప్పిన గద."

"మార్కులేసేటప్పుడు పేరు లేకుంటెనే మంచిగుంటది. ఏసినంక ఉండాలె" అన్నాడు. "ఊరికి ఎట్ల తెలుస్తది? సాటియ్యి పంతులమ్మా. మీ పెద్దనాయినను విలువు. ఏమని సాటాలెనో నేను జెప్త."

పెద్దనాయన డప్పు మంట మీద కాచుకుని వచ్చాడు. ఈసారి నేను బండి ఎక్కలేదు. ఆయన పక్కన నడిచాను, మా వెనక చేపలాయన, ఆయన కూతురు. మొదటి దెబ్బ పడగానే, అలవాటు ప్రకారం, వీధి చివరి దాకా తలుపులు టపటపా మూసుకున్నాయి. ఎవరో వేపచెట్టు కొమ్మ విరిచిన చప్పుడు కూడా నేను విన్నాను.

"ఇనుండ్రహో! చెరువుల చేపలు వట్టెటోని బిడ్డ, మన షామీర్‌పేట బిడ్డ, పట్నపోల్లతోని సమానంగ మెట్రిక్ పరీక్ష రాసి, మొదటి తరగతిల పాసైంది అహో! కాలేజీకి వోతాంది అహో!"

రెండో వీధిలో పటేలు మనిషి ఎదురొచ్చి కర్ర అడ్డం పెట్టాడు. పటేలు చెప్పందే ఊళ్లో డప్పు మోగకూడదు; మొదటి చాటింపులో సర్కారు మాట వినబడి ఊరుకున్నారు.

"ఎవల హుకుంతోని కొడ్తున్నవ్‌రా?" అని పెద్దనాయన మీదికి వచ్చాడు.

పెద్దనాయన చేయి ఆగింది. ఆ పని చేసినన్నాళ్లూ ఆయన ఒకరి మాట చాటడమే గానీ తన మాటగా ఏదీ చాటలేదు. ఆయన నా వైపు చూడలేదు. చూస్తే నాకు ఇబ్బందని ఆయనకు ఎప్పటినుంచో తెలుసు. నేనే ముందుకు వెళ్లి ఆ కర్రకు ఎదురుగా నిలబడ్డాను.

"హుకుం నాది" అన్నాను, మూసిన తలుపులన్నిటికీ వినబడేలా. "పాసైంది గీ కాక బిడ్డ. డప్పు గొట్టేది మా పెద్దనాయిన. మా నాయినకు సొంత అన్న. మా తాత గూడ గిదే డప్పు గొట్టిండు. పటేలు అడిగితే గీ ముక్కలన్ని జెప్పు, ఒక్కటి ఇడిసివెట్టకు."

పటేలు మనిషి నన్నూ, చేపలాయననూ, ఆ పిల్లనూ మార్చి మార్చి చూశాడు. కర్ర దించాడు. పక్కనే ఒక తలుపు కిర్రుమంది. దసరా సెలవుల్లో నా ఎదుటే వాసానికి వేపాకు గుచ్చిన తల్లి బయటికి వచ్చింది, కూతురి రెక్క పట్టుకుని.

"పంతులమ్మా, ఇది ఎన్మిదోది సదువుతాంది. దీనికెప్పుడిస్తవ్ గా కాయిదం?" అని అడిగింది.

"ఇంకా రెండేండ్లున్నది అక్కా."

"మరి అండ్ల మా పని ఉన్నదున్నట్టు రాస్తవా?"

రాస్తానన్నాను. పెద్దనాయన డప్పు మీద చెయ్యి వేసి, ఇంకా మూసే ఉన్న తలుపుల వైపు తిరిగి, మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టాడు.